అచ్చు కోసిన ఫిల్ము

సాలొమోను ఫిల్మును తలకిందులుగా పట్టుకుని చదివాడు.

బళ్ళారి బస్సు దిగి ఇంకా చెప్పులైనా విడవలేదు. తమ్ముడి భార్య కృపమణి చేతిలోంచి తల స్కాన్ తీసినవాళ్ళు ఇచ్చిన పెద్ద కవరు లాక్కుని, ఫిల్ము బయటికి తీసి, వాకిట్లో ఎండకు ఎదురుగా నిలబడ్డాడు. నాలుగు వరసల్లో ఇరవై తలకాయలు. పైన ఉండాల్సిన కంటిగుడ్లు కింద ఉన్నాయి. మూలన అచ్చువేసిన పేరు కూడా తిరగబడే ఉంది. పేరు చదవడం వచ్చిన మనిషికి ఆ మాత్రం తెలియాలి. కృపమణి కూతురు క్రిస్టీకి తెలిసింది. తెలిసి, గుంజకు ఆనుకుని నోరు మూసుకుంది. పదహారేళ్ళుగా ఆమె చేస్తున్న పని అదే.

"ఈ తెల్లగా ఉండేదంతా మెదడు" అన్నాడు సాలొమోను. "ఈ నల్లగా ఉండేది దిగులు. దిగులు జాస్తి అయితే ఇట్లే నల్లగా అయితాది."

పక్కింటి నాంచారమ్మ కొంగు బిగించుకుని వచ్చి తొంగి చూసింది. "మా దురుగప్పకు కాలు విరిగినప్పుడూ ఇట్లాంటిదే ఇచ్చినారప్పా. దాంట్లో ఎముక ఎంత బాగ కనబడ్యా! దీంట్లో ఏమీ లేదే. దుడ్డు తీసుకొని మోసం చేసినారు."

"ఏమీ లేదు గాబట్టే ఏమీ కనబడలేదు" అన్నాడు సాలొమోను. ఒక్క నిమిషం కింద దిగులును చూపించిన వేలు ఇంకా ఫిల్ము మీదే ఉంది.

నాంచారమ్మ ఒప్పుకుంది. ఆయన ఏం చెప్పినా ఒప్పుకునేవాళ్ళు రూపనగుడిలో కొదవ లేదు. ప్రార్థన మందిరానికి పాస్టరు నెలకొక్కసారి వస్తాడు. తక్కిన మూడు ఆదివారాలూ సంఘ పెద్ద సాలొమోనే పాస్టరు, సాలొమోనే పాట, సాలొమోనే ప్రసంగం. కుడతినిలో కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసే క్రిస్టీ తండ్రికి షిఫ్టు తప్ప వేరే లోకం తెలియదు. ఇంట్లో ఏం అడిగినా ఫోనులో ఒకటే మాట: "అన్నను అడుగు."

కృపమణి అప్పటికి గడప పట్టుకుని లోపలికి పోయింది. కుడికాలు ఎత్తి వేయడం లేదు, ఈడ్చి వేస్తోంది. మూడు వారాలుగా అంతే. జీన్సు ప్యాంట్లకు మిగిలిన దారాలు కత్తిరించే పని ఇంటికి మూటలుగా వస్తుంది. ఈ మధ్య ఆ మూట తెరిచి కూర్చుంటే ఎండ ఎక్కేసరికి కళ్ళు మసకేసి కత్తెర పక్కన పెట్టేస్తోంది. సాయంత్రం చల్లబడితే మళ్ళీ చూపు వస్తుంది. పొద్దున కనబడనిది సాయంత్రం కనబడితే అది సోమరితనమని సాలొమోను తేల్చాడు. రోజంతా కుర్చీలో కూర్చుని తేల్చాడు.

సోమవారం ముగ్గురూ బళ్ళారి వెళ్ళారు. నరాల డాక్టరు చెన్నకేశవరావుకు అరవై దాటాయి. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, ఫిల్మును వెలుగుపెట్టెకు తగిలించి ఒక్కొక్క వరసే చూస్తూ పోయాడు. సాలొమోనుకు మౌనం పడదు.

"ఏమీ లేదు గదా సార్?"

"ఇంజక్షన్ వేసి తీయమని రాసినా గదా. ఉత్తదే తీసినారే. ఎవరు వద్దన్నారు?"

"నేనే సార్. ఆ రంగుమందు కిడ్నీలకు మంచిది గాదని."

"మీరు కిడ్నీ డాక్టరా?"

"సంఘ పెద్దను సార్."

డాక్టరు ఆయన వంక ఒకసారి చూసి, ఇంక ఆ వైపు చూడలేదు. కృపమణిని నడిపించాడు, మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టాడు, అరికాలి మీద తాళంచెవితో గీశాడు. అప్పుడు క్రిస్టీ కళ్ళు ఎక్కడున్నాయో గమనించాడు. ఆమె వెలుగుపెట్టె వైపే చూస్తోంది, తల వంచకుండా, ఒక్కొక్క తలకాయనూ వరసగా.

"దగ్గరికి రా పాపా. ఏం చదువుతున్నావు?"

"పది రాసినా సార్. ఊళ్ళో." ఆ రెండు ముక్కలు బయటికి రావడానికి ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"చూడు. నడుమ నల్లగా రెండు రెక్కల మాదిరి ఉండేవి నీళ్ళుండే గదులు. అందరికీ ఉంటాయి." సాలొమోను దిగులు అన్నది దీన్నే. క్రిస్టీ ఆయన వైపు చూడలేదు, చూడాల్సిన పని లేదు. "ఆ గదుల అంచున ఈ తెల్లమచ్చలు చూడు. కోడిగుడ్డు ఆకారం. గదికి ఆనుకుని నిలువుగా నిలబడ్డాయి. ఇదొకటి మెదడు పైపొరకు కిందనే. ఇదొకటి వెనక, చిన్నమెదడు పక్కన."

"మచ్చలంటే క్యాన్సరా సార్?" కృపమణి అడిగింది.

"కాదమ్మా. తెల్లమచ్చ కనబడగానే భయపడేది లేదు. బీపీ ఉండేవాళ్ళకూ వస్తాయి, ఒంటితలనొప్పి ఉండేవాళ్ళకూ వస్తాయి. ఎన్ని ఉండాయి అనేది కాదు. యాడ ఉండాయి, ఎప్పుడు వచ్చినాయి అని రెండు చూస్తాం. యాడ అనేది ఈ ఫిల్ము చెప్పేసింది. ఎప్పుడు అనేది చెప్పలేదు. పొలం ఫోటో చూస్తే ఎన్ని గుంతలున్నాయో తెలుస్తాది. ఏ గుంత ఏ ఏడు తవ్విందో తెలుస్తాదా? ఇంజక్షన్ వేసుంటే కొత్త మచ్చ వెలిగేది, పాతది వెలిగేది కాదు. అది లేకుండా చేసినారు పెద్దలు."

పెద్దలు మీసం దువ్వుకున్నారు.

"నాకు అనుమానం మల్టిపుల్ స్క్లెరోసిస్ మీద" అన్నాడు డాక్టరు. "కరెంటు వైరు మీద ప్లాస్టిక్ ఉన్నట్టు మన నరాల మీద ఒక పూత ఉంటాది. ఒంట్లో కాపలా కాసేవే పొరబడి ఆ పూతను కొరుకుతాయి. ఒకసారి ఈడ, ఒకసారి ఆడ. అందుకే అడుగుతున్నా, బాగా ఆలోచించి చెప్పమ్మా. ఇదే మొదటిసారా? ఇంతకు ముందు ఎప్పుడైనా కన్ను మసకేయడం, తిమ్మిరి, ఏమైనా వచ్చి తగ్గిందా?"

అమ్మకు వచ్చి తగ్గినవి క్రిస్టీ మనసులో లెక్కపెట్టుకుంది. ఎడమకన్ను. నడుము. అమ్మ చెబుతుంది ఇప్పుడు.

కృపమణి బావ వైపు చూసింది. బావ గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.

"లేదు సార్. ఇదే మొదలు."

రూపనగుడి సంఘంలో ఒక పద్ధతి ఉంది. జబ్బు తగ్గితే ఆదివారం లేచి నిలబడి దేవుడు తీసేశాడని సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం చెప్పిన జబ్బు ఇక వచ్చినట్టే కాదు. దాని పేరు మళ్ళీ ఎత్తితే తీసేసినవాడిని అబద్ధికుణ్ణి చేసినట్టు. పాస్టరు ఏనాడూ అలా చెప్పలేదు. బైబిలులోనూ లేదు. సాలొమోను పెట్టిన పద్ధతి అది. తీసేసినవాడి పేరు చెప్పి, కాపాడుకునేది తన పేరు.

"ముందెప్పుడైనా స్కాన్ తీసినారా?"

"ఒకసారి తీసినాం సార్, రెండేండ్ల కింద" అన్నాడు సాలొమోను. "ఏమీ లేదని తేలిపోయింది."

"తేల్చింది ఎవరు? సరే, ఆ ఫిల్ము గురువారం తీసుకురండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా తెలుస్తాది." డాక్టరు కృపమణికి అర్థమయ్యేలా నిదానంగా చెప్పాడు. "నిజంగా మొదటిసారే అయితే ఇంకా పరీక్షలు చేసి కాచుకొని చూడొచ్చు. కాకపోతే కాచుకోకూడదు. వచ్చినప్పుడల్లా ఇది కొంత తీసుకొని పోతాది. పోయింది పూర్తిగా తిరిగి రాదు. ఇప్పుడు కాలు ఈడుస్తాండావు. ఇంకోసారి వస్తే ఏం తీసుకొని పోతాదో నేను చెప్పలేను."

ఇంజక్షన్ స్కాన్‌కు మళ్ళీ చీటీ రాసిచ్చాడు. సాలొమోను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబులోకి పోయిన చీటీలు తిరిగి వెలుగు చూడటం క్రిస్టీ ఎరగదు.

బస్సులో తల్లి పక్కన కూర్చుని గొంతు తగ్గించి అడిగింది. "చెప్పలేదేంమా?"

"పెదనాయన మాట పడిపోతాది మా" అంది కృపమణి, కిటికీలోంచి బయటికి చూస్తూ. "అందరి ముందర సాక్ష్యాల పుస్తకంలో రాసినాడు గదా."

మాట పడిపోతుందట. కాలు పడిపోతోంది, అది పరవాలేదు.

ఇంటికి రాగానే క్రిస్టీ పాత ఫిల్ము కోసం పెట్టె, అటక, మంచం కింద వెతికింది. చివరికి పెదనాయననే అడిగింది. ఆయన ఏ మాత్రం తడబడలేదు.

"మందిరం బీరువాలో ఉండాది చూడు. అచ్చులు కోసినాం."

బీరువాలో రంగు డబ్బాల వెనక దొరికింది. కిందటేడు పెట్టిన కూటాల కోసం రూపనగుడి నుంచి బళ్ళారి దాకా గోడల మీద నీలిరంగుతో 'స్వస్థత కూటములు, రండి' అని రాయించాడు సాలొమోను. చేత్తో రాస్తే వంకరపోతాయని అక్షరాలను అచ్చుగా కోసి, గోడకు ఆనించి, పైన రంగు పూశారు. అట్ట అయితే తడిసి మెత్తబడుతుంది, ఫిల్ము అయితే గట్టి. బాగైపోయిన మనిషి ఫిల్ము ఇంక దేనికని, కృపమణి మెదడు మీద బ్లేడు పెట్టి 'స్వ' కోశాడు, 'స్థ' కోశాడు, 'త' కోశాడు. అంచులంతా నీలిరంగు గడ్డకట్టి ఉంది. మిగిలిన తలకాయల్లో ఒకదానికి ముందుభాగం ఉంది, ఒకదానికి వెనకభాగం ఉంది. నిండుగా ఒక్కటీ లేదు. రిపోర్టు కాగితం అసలే లేదు.

బళ్ళారి బస్సులో పోతూ వస్తూ క్రిస్టీ ఎన్నోసార్లు ఆ గోడలు చూసింది. అమ్మ తలకాయకు పడిన కంతల్లోంచి వచ్చిన అక్షరాలని ఆమెకు తెలియదు.

బీరువాలో కింది అరలో సాక్ష్యాల పుస్తకం ఉంది. ఎర్ర బైండు, తువ్వాలలో చుట్టి. క్రిస్టీ నిలబడే తిప్పింది. పెదనాయన గుండ్రటి చేతిరాత. ప్రతి సాక్ష్యానికీ తేదీ. ఆ తేదీలు చూసేసరికి ఆమె మొదటి పేజీకి తిప్పి, అమ్మ పేరున్నవన్నీ ఒక్కొక్కటిగా చదివింది. ఈ మనిషి తన గొప్ప కోసం ఒక్క నొప్పిని కూడా వదలకుండా రాశాడు.

పుస్తకం దొంగతనంగా తీసుకుపోతే ఇంట్లో గోల. తాను నోరు తెరిచి డాక్టరుకు చెబితే అమ్మ కాదంటుంది, పెదనాయన కొట్టిపారేస్తాడు. డాక్టరు ఎవరి మాట నమ్మాలి? పెదనాయన నోటితోనే రావాలి. ఆయన నోరు తెరిపించడం ఎంతసేపు?

సాయంత్రం మందిరం అరుగు మీద కూర్చున్న పెదనాయన దగ్గరికి పోయింది. చెంగు వేలికి చుట్టుకుంటూ, నేల చూస్తూ మొదలుపెట్టింది.

"పెదనాయనా, ఆ డాక్టరుకు మీరెవరో తెల్దు. కిడ్నీ డాక్టరా అని ఎగతాళి చేసినాడు. మన సాక్ష్యాలు ఆయన ఎప్పుడూ విని ఉండడు. పుస్తకం తీసుకొచ్చి అమ్మవి ఆయన ముందరే చదివితే..."

ఆయనతో జీవితంలో ఆమె మాట్లాడిన అతి పొడుగాటి మాట అదే. సాలొమోను అరుగు మీద నిటారుగా సర్దుకున్నాడు. తర్వాత ముఖం మెల్లగా వెడల్పయింది.

"డాక్టరు ముందర సాక్ష్యం!" అన్నాడు. "నేనూ అదే అనుకుంటాండా."

అనుకోలేదు. అయినా ఆమె తల ఊపింది.

గురువారం పొద్దున తెల్లచొక్కా ఇస్త్రీ అయింది. పుస్తకం కొత్త తువ్వాలలోకి మారింది. చెన్నకేశవరావు గదిలోకి ఆయన పెళ్ళికొడుకులా నడిచాడు. వెనక కృపమణి క్రిస్టీ భుజం పట్టుకుని కాలు ఈడ్చుకుంటూ వచ్చింది.

"పాత ఫిల్ము?"

సాలొమోను అచ్చు ముక్క ఇచ్చాడు. డాక్టరు దాన్ని వెలుగుపెట్టెకు తగిలించాడు. నడుమ 'స్వ' ఆకారంలో తెల్లటి వెలుగు కళ్ళలో కొట్టింది.

"దీంట్లో మెదడు యాడప్పా?"

"అక్షరం పోయినచోట పోయింది సార్."

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. అది అలాగే వెలుగుతోంది.

"పోతే పోనీండి సార్. దానికంటే గట్టి రుజువు తెచ్చినా" అని సాలొమోను పుస్తకం విప్పాడు. "రెండువేల ఇరవై రెండు, జూన్ పన్నెండు. సహోదరి కృపమణి ఎడమకన్ను పొగ కమ్మినట్టు మసకబారి, కన్ను తిప్పితే నొప్పి పుట్టి, ఎరుపు రంగు మట్టిరంగుగా కనబడుచుండగా, సంఘ పెద్ద సాలొమోను మూడు వారములు చేతులుంచి ప్రార్థింపగా చూపు తిరిగి వచ్చెను."

డాక్టరు కుర్చీలో ముందుకు వంగాడు. పెన్ను తీశాడు. "మూడు వారాలా? కన్ను తిప్పితే నొప్పి, రాసినారా అట్ల?"

"నేను ఏదీ వదలను సార్." ఆయన గొంతు లేచింది. "రెండువేల ఇరవై మూడు, నవంబరు ఐదు. కృపమణి నడుము చుట్టూ తాడు బిగించినట్టు పట్టివేసి, రెండు కాళ్ళు తిమ్మిరెక్కి చెప్పు జారిపోయినా తెలియకుండెను. స్కాన్ తీయించిరి. ఐదు వారముల ప్రార్థన వలన..."

"నడుము చుట్టూ పట్టీ. సరే. తర్వాత?"

డాక్టరు రాస్తున్నాడు. ఒక పెద్ద డాక్టరు తన మాటలను ఒక్కటీ పోనీయకుండా రాసుకోవడం సాలొమోను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"ఇది వినండి సార్, దీనికి సంఘమంతా ఏడ్చినారు. రెండువేల ఇరవై నాలుగు, ఫిబ్రవరి పద్దెనిమిది. సాలొమోను ప్రార్థించుచుండగా కృపమణి తల వంచగానే మెడ నుండి వెన్ను వెంబడి కాళ్ళ వరకు కరెంటు వలె శక్తి ప్రవహించెను. ఎన్నిసార్లు తల వంచినా అన్నిసార్లు ప్రవహించెను."

పెన్ను ఆగింది.

"ఎన్నిసార్లు వంచినా?"

"అన్నిసార్లూ సార్. అంత శక్తి!"

డాక్టరు లేచి కృపమణి దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఒకసారి తల వంచు. గడ్డం ఛాతీకి తగలల్ల."

కృపమణి వంచింది. భుజాలు ఉలిక్కిపడ్డాయి.

"వచ్చిందా?"

"వచ్చింది సార్."

"ఇక్కడ ఎవరూ ప్రార్థన చేయడం లేదే."

సాలొమోను పుస్తకం మీద వేలు పెట్టి, తర్వాతి వరస ఎక్కడుందో వెతుకుతున్నాడు.

"మెడ నరంలో మచ్చ ఉండేవాళ్ళకు తల వంచితే ఇట్ల కొడతాది" అన్నాడు డాక్టరు. "అమ్మా, ఇప్పుడు చెప్పు. ఆ కన్ను పూర్తిగా బాగైందా?"

కృపమణి ఈసారి బావ వైపు చూడలేదు. చేతుల వైపు చూసుకుంది.

"కాలేదు సార్. ఎరుపు ఇంగా ఎరుపు గాలేదు. ఆ కంటికి దారం రంగు తెల్దు. నడుము గూడా, కొంచెం పట్టుకునే ఉంటాది. తగ్గింది నిజమే. అంతా పోలేదు. సాక్ష్యం చెప్పినాక ఇంగా నొస్తాండాదని ఎట్ల చెప్పేది సార్? చెప్తే నాకు విశ్వాసం లేదంటారు. కరెంటు కొట్టినప్పుడల్లా నాకు భయమే. వాళ్ళు చప్పట్లు కొడతాంటే నేనూ కొట్టినా."

క్రిస్టీ, తల్లి ముఖం వైపు చూసింది. మూడేళ్ళు. ప్రతి ఆదివారం పక్కనే కూర్చుని తానూ చప్పట్లు కొట్టింది. పెదనాయనను తక్కువగా చూసినంత తేలికగా ఆ సంగతిని చూడలేకపోయింది.

"బావ మీద కోపం లేదు సార్" అని చేర్చింది కృపమణి. క్రిస్టీకి ఉంది.

"నాలుగుసార్లు" అన్నాడు డాక్టరు కాగితం తిప్పుతూ. "కన్ను, నడుము, మెడ, ఇప్పుడు కాలు. వేరే వేరే తావు, వేరే వేరే ఏడు. తేదీలతో సహా. సాలొమోను గారూ, నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇంత బాగా రాసిపెట్టుకున్నవాళ్ళు లేరు."

సాలొమోను వెలిగిపోయాడు. "అయితే మేలు జరిగింది నిజమే గదా సార్?"

"తగ్గింది నిజం. ఈ జబ్బు గుణమే అది. వస్తాది, కొన్ని వారాలకు దానంతటదే వెనక్కి పోతాది, మళ్ళా వస్తాది. ప్రార్థన చేసుకోండి, ఎవరు వద్దన్నారు? ఆమె నోరు మాత్రం మూయొద్దు." పుస్తకాన్ని తనవైపు తిప్పుకుని ఆ మూడు పేజీలకూ ఫోనుతో ఫోటో తీశాడు. "ఈ రోజే చేరాలమ్మా. ఐదు రోజులు సెలైన్‌లో మందు. కిడ్నీలు బాగుండాయా అని రక్తం చూసి, తలకూ వెన్నుకూ ఇంజక్షన్ వేసి స్కాన్. అవసరమైతే వెన్ను నీళ్ళు తీసి చూస్తాం. తర్వాత జబ్బు మళ్ళీ మళ్ళీ రాకుండా ఆపే మందు, చాలాకాలం. పోయింది పూర్తిగా తెచ్చిస్తానని చెప్పను. ఉండేది కాపాడుదాం."

"ఇంజక్షన్ అంటే సార్, కిడ్నీలకు..." అని సాలొమోను మొదలుపెట్టాడు.

"రక్తం చూసే వేస్తారు బావా" అంది కృపమణి. "వేయనీండి."

ఆమె ఆయన మాటకు అడ్డం పడటం అదే మొదలు. సాలొమోను పుస్తకాన్ని తువ్వాలలో చుట్టుకుంటూ, డాక్టరు తీసిన ఫోటోలు తనకూ పంపుతారా అని అడిగాడు.

రెండో రోజు తీసిన స్కాన్‌లో ఒక్క మచ్చ దీపంలా వెలిగింది. తక్కినవి వెలగలేదు. మెడ దగ్గర వెన్నులో ఇంకొకటి కనబడింది. డాక్టరు దాన్ని క్రిస్టీకి చూపించాడు. ఆమె ఈసారి అడక్కుండానే కొత్తదేదో పాతదేదో వేలితో చూపించింది.

ఆదివారం రూపనగుడి మందిరంలో సాలొమోను లేచి నిలబడి, బళ్ళారి పెద్ద డాక్టరు తన సాక్ష్యాలను స్వహస్తాలతో రాసుకున్నాడని, ఫోటోలు కూడా తీసుకున్నాడని ప్రకటించాడట. సంఘం చప్పట్లు కొట్టిందట. నాంచారమ్మ ఫోను చేసి చెప్పింది. "డాక్టరే మీ పెదనాయనకు మొక్కినాడంట గదా పాపా!"

"ఊఁ" అంది క్రిస్టీ. ఆయనకు ఆ గోడలు ఇచ్చేయొచ్చు. చప్పట్లు కూడా ఇచ్చేయొచ్చు. ఇంకేం అక్కర్లేదు ఆయనకు.

ఐదో రోజు సెలైన్ అయిపోవస్తుండగా కృపమణి ఆ అచ్చు ముక్క చూపించమంది. క్రిస్టీ సంచిలోంచి తీసి ఇచ్చింది. కృపమణి దాన్ని వార్డు కిటికీకి ఎదురుగా పట్టుకుంది, ఏది పైనో ఏది కిందో ఒకసారి చూసుకుని. 'స్వ' కంతలోంచి బళ్ళారి రోడ్డూ, ఆటోలూ, జీన్సు మూటలు వేసుకుపోయే స్కూటరూ కనబడ్డాయి. కుడికన్ను చేత్తో మూసి ఎడమకంటితో చూసింది.

"నా తలలోంచి ఎంత దూరం కనబడతాదో చూడు" అని పకపకా నవ్వింది. క్రిస్టీ ఆ నవ్వు విని చాలాకాలమైంది. నవ్వు ఆగాక కృపమణి చేయి తీసి అంది, "ఆ ఆటో మీది ఎర్రగీత మట్టిరంగుగానే ఉండాది. డాక్టరు రాసిపెట్టమన్నాడు గదా. రాసుకో."

క్రిస్టీ కొత్త నోటుపుస్తకం తెరిచి, స్కేలుతో మూడు గడులు గీసింది. తేదీ, ఏ చోటు, ఎన్ని రోజులు. పెదనాయన అయితే నాలుగో గడి గీసేవాడు, ఎవరి ప్రార్థన వల్ల అని. ఆ స్థలం కూడా మూడో గడిలోనే కలిపేసి, రాయడం మొదలుపెట్టింది.